చమురు ధర దిగివచ్చిన పిమ్మట

1973 అక్టోబరులో ఈజిప్టు, సిరియాలకును ఇజ్రాయేలునకును యుద్ధము జరిగెను. ఆ సందర్భమున అరబ్బు రాజ్యములు తాము ఎగుమతి చేయు భూతైలమును తగ్గించి, అమెరికా, హాలండు దేశములకు బొత్తిగా నిలిపివేసెను. పీపా 3 డాలర్ల ప్రాంతమున నున్న ధర 1974 జనవరి నాటికి 11 డాలర్లు దాటెను. చమురును కొనితెచ్చుకొను దేశములు అప్పుడేమి చేసెనో చాలమంది చెప్పియున్నారు. ఆ ధర మరల పడిపోయిననాడు ఏమి చేసెనో అంతగా చెప్పరు. నా దృష్టిలో అసలు పరీక్ష అదియే. ఇందుకు రెండు దేశముల చరిత్రను మనవి చేసెదను.

మొదటిది డెన్మార్కు. ఐరోపాకు ఉత్తరమున నున్న చిన్న దేశము, పాడిపంటలకు పేరుపొందినది. ఇల్లు వెచ్చగా నుంచుకొననిదే అక్కడ శీతకాలము గడవదు. 1973లో ఆ దేశము వాడుకొను ఇంధనములో సుమారు నూటికి 90 పాళ్లు దిగుమతియైన చమురే. ఆ యేడు నవంబరు 25 మొదలు ఆదివారములందు సొంత మోటారుకార్లు నడుపరాదని ప్రభుత్వము శాసించెను. జనులు రాజమార్గములపై కాలినడకను, సైకిళ్లపైని, కొందరు గుఱ్ఱములపైని తిరిగిరి. చూచుటకు వేడుకగా నున్నను ఆ నిషేధము కొద్ది నెలలకే ముగిసెను.

నిలిచిన పని వేఱొకటి. విద్యుత్తు పుట్టించు కర్మాగారములలో బొగ్గు మండించినప్పుడు వేడిలో చాలభాగము వ్యర్థమై సముద్రము పాలగుచుండును. ఆ వేడితో నీటిని కాచి, భూమిలో పాతిన గొట్టములగుండ ఇండ్లకు పంపిరి. ఈ పద్ధతి కొన్ని పట్టణములందు మునుపే కలదు. 1979లో చేసిన చట్టము దానిని దేశమున విస్తరింపజేసెను. గాలిమరలు నిలుపువారికి ఖర్చులో నూటికి 30 పాళ్లు ప్రభుత్వమిచ్చెను. రైతులును ఇరుగుపొరుగువారును వాటాలు వేసికొని మరలు నెలకొల్పిరి. పొలమున పంటతోపాటు గాలినిగూడ అమ్ముకొనిరన్నమాట! అంతయు గాలివలననే సాధించిరనుకొనరాదు. మొదట చమురు మాని బొగ్గునకు మరలిరి. ఉత్తర సముద్రమున సొంత చమురును దొరకెను.

1986లో చమురు ధర ఒక్క పెట్టున సగమునకు పైగా పడిపోయెను. ఇంత చౌకయైనప్పుడు ఈ గొట్టములేల, ఈ మరలేల అని అడుగుట సహజమే కదా. డెన్మార్కు ప్రభుత్వము చమురుపై పన్ను పెంచి, తగ్గిన ధర వినియోగించువారి చేతికి రాకుండ చేసెను. ఓట్లు అడుగవలసినవారికి ఇది కఠినమైన పని. కాని గొట్టములపై పెట్టిన ధనము వృథా కాలేదు. ఇటీవలి సంవత్సరములలో ఆ దేశపు విద్యుత్తులో దాదాపు సగము గాలివలననే వచ్చుచున్నది.

ఇక బ్రెజిలు. చెఱకు విస్తారముగా పండు నేల. 1973లో తనకు కావలసిన చమురులో సుమారు నూటికి 80 పాళ్లు పరదేశములనుండి కొనుచుండెను. 1975లో చెఱకునుండి సారాయము దీసి మోటారులు నడుపు పథకమును ప్రభుత్వము ఆరంభించెను. సారాయమనగానే నవ్వవలదు, అది త్రాగుటకు గాదు. తొలుత దానిని పెట్రోలులో కలిపిరి; 1979 మొదలు కేవలము సారాయముతోనే నడుచు కార్లను చేసిరి. 1980లలో నడుమనాటికి అమ్ముడుపోయిన క్రొత్త కార్లు పదింటిలో తొమ్మిది ఇట్టివే.

ధర పడిపోయినప్పుడు ఇక్కడ కథ మాఱెను. పెట్రోలు చౌకయయ్యెను. అప్పులతోను, రూక విలువ పతనముతోను సతమతమగుచున్న ప్రభుత్వము సారాయమునకు గిట్టుబాటు ధర నీయలేకపోయెను. అంతలో లోకమున చక్కెర ధర పెరిగెను. మిల్లులవారు చెఱకును చక్కెరకే మళ్లించిరి. వారిని తప్పుపట్టలేను, గిట్టని సరకును ఎవరు చేయుదురు? 1989 చివరినుండి సారాయమునకు కఱవు వచ్చెను. ప్రభుత్వపు మాట నమ్మి కారు కొన్నవాడు బంకు ముందు వరుసలో నిలువవలసి వచ్చెను. ఆ కారు పెట్రోలుతో నడువదాయె. క్రొత్తగా కొనువారందఱు పెట్రోలు కార్లకే మరలిరి.

2003లో రెంటితోను నడుచు కార్లు అక్కడ విక్రయమునకు వచ్చెను. ఏది చౌకయో చూచి ఆనాటికానాడు దానినే పోయించుకొనవచ్చును. ఒకసారి దెబ్బతిన్న జనులు ఆ కార్లనే ఎగబడి కొనిరి.