అమెరికా నిరుద్యోగ భృతి దరఖాస్తుల వారపు గణాంకాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఉద్యోగము కోల్పోయి నిరుద్యోగ భృతి కొరకు వచ్చిన దరఖాస్తుల సంఖ్యను ఆ దేశపు కార్మిక శాఖ ప్రతి వారము ప్రకటిస్తుంది. పత్రికలలో వీటిని జాబ్‌లెస్ క్లెయిమ్స్ అని వ్యవహరిస్తారు. సాధారణముగా ప్రతి గురువారము ఉదయము, అక్కడి తూర్పు తీరపు కాలమానము ప్రకారము 8:30 గంటలకు, ఈ ప్రకటన వెలువడుతుంది. శనివారముతో ముగిసిన వారపు లెక్క అయిదు రోజులకే అందుతుంది కనుక, దేశ ఆర్థిక పరిస్థితిలో వచ్చే మార్పును తొందరగా తెలిపే అధికారిక గణాంకాలలో ఇది ముఖ్యమైనది. అయితే ఇది దరఖాస్తుల లెక్కే గాని నిరుద్యోగుల లెక్క కాదు. దరఖాస్తుల సంఖ్య తగ్గినంత మాత్రాన పని లేనివారి సంఖ్య తగ్గినట్లు కాదు.

నేపథ్యము

1929 తరువాత వచ్చిన మహా మాంద్యములో, 1933 నాటికి అమెరికా కార్మికులలో సుమారు నాలుగవ వంతు మందికి పని లేకుండా పోయింది. దేశములో మొట్టమొదటి నిరుద్యోగ బీమా చట్టాన్ని 1932లో విస్కాన్సిన్ రాష్ట్రము చేసింది. 1935 ఆగష్టు 14న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సామాజిక భద్రతా చట్టముపై సంతకము చేయడముతో ఈ పద్ధతి దేశమంతటికీ విస్తరించింది. ఆ చట్టాన్ని రూపొందించిన సంఘానికి అప్పటి కార్మిక శాఖ కార్యదర్శి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అధ్యక్షత వహించింది. అమెరికా మంత్రివర్గములో చోటు పొందిన తొలి మహిళ ఆమె. మొదటి భృతి చెల్లింపు 1936 ఆగష్టులో విస్కాన్సిన్‌లోనే జరిగింది. 1937 నాటికి అన్ని రాష్ట్రాలూ ఇటువంటి చట్టాలు చేసుకున్నాయి.

భృతి విధానము

నిరుద్యోగ బీమా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉమ్మడి పథకము. 50 రాష్ట్రాలు, రాజధాని ప్రాంతమైన కొలంబియా జిల్లా, పోర్టో రికో, వర్జిన్ దీవులు కలిపి 53 వేర్వేరు విభాగాలు దీనిని నడుపుతాయి. భృతి ఎంత, ఎన్ని వారాలు ఇవ్వాలి, ఎవరు అర్హులు అన్నవి చాలావరకు రాష్ట్రాలే నిర్ణయిస్తాయి. ఎక్కువ రాష్ట్రాలలో గరిష్ఠ కాలపరిమితి 26 వారాలు.

ఇందుకు కావలసిన పన్నును యజమానులు చెల్లిస్తారు. అలాస్కా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియాలలో మాత్రము కార్మికుల జీతము నుండి కూడా కొంత తీసుకుంటారు. ఒక సంస్థ నుండి పని పోయినవారు ఎంత ఎక్కువగా భృతి పొందితే ఆ సంస్థ కట్టవలసిన రాష్ట్ర పన్ను రేటు అంత పెరుగుతుంది. ఈ కారణముగా తమ మాజీ ఉద్యోగుల దరఖాస్తులపై యజమానులు అభ్యంతరము తెలపడము కూడా జరుగుతూ ఉంటుంది.

భృతి పొందడానికి సాధారణముగా మూడు షరతులు ఉంటాయి.

1. గడచిన సంవత్సర కాలములో నిర్ణీత మొత్తములో జీతము సంపాదించి ఉండాలి.
2. తన తప్పు లేకుండా ఉద్యోగము కోల్పోయి ఉండాలి.
3. పని చేయగలిగి, పనికి అందుబాటులో ఉండి, వేరే పని కొరకు వెతుకుతూ ఉండాలి.

గణాంకాలు తయారయ్యే తీరు

ప్రకటనలో రెండు ముఖ్యమైన సంఖ్యలు ఉంటాయి. మొదటిది తొలి దరఖాస్తుల సంఖ్య, అనగా ఆ వారములో కొత్తగా వచ్చిన దరఖాస్తులు. తరువాత తిరస్కరించబడేవి కూడా ఇందులో ఉంటాయి. రెండవది కొనసాగింపు దరఖాస్తుల సంఖ్య. ఇప్పటికే నమోదై ఉండి, ఈ వారము కూడా తమకు పని దొరకలేదని తెలిపినవారి లెక్క ఇది. ఇది మరొక వారము ఆలస్యముగా వెలువడుతుంది. మొదటి సంఖ్య పెరిగితే ఉద్యోగాల తొలగింపు ఎక్కువైనట్లు, రెండవది పెరిగితే పోయిన ఉద్యోగానికి బదులు మరొకటి దొరకడము కష్టమైనట్లు అర్థము చేసుకుంటారు.

మొదట ప్రకటించేది ముందస్తు అంచనా. రాష్ట్రాల నుండి పూర్తి వివరాలు అందిన తరువాత, మరుసటి వారము దానిని సవరిస్తారు.

నిరుద్యోగ రేటు దీనికి భిన్నమైనది. దానిని కార్మిక గణాంకాల సంస్థ నెలకొకసారి సుమారు 60,000 కుటుంబాలను ప్రశ్నించి లెక్కిస్తుంది. భృతికి దరఖాస్తు చేసినా చేయకున్నా, పని లేక పని కొరకు వెతుకుతున్న ప్రతివారూ ఆ లెక్కలో నిరుద్యోగులే. వారపు గణాంకాలకు ఇటువంటి సర్వే ఏదీ ఉండదు. రాష్ట్ర కార్యాలయాలలో రోజువారీగా నమోదైన దరఖాస్తులను కూడితే వచ్చేదే ఈ సంఖ్య. వీటి వేగానికీ, లోపాలకూ కారణము ఇదే.

కాలానుగుణ సర్దుబాటు

ప్రతి సంవత్సరము క్రిస్మస్ అమ్మకాలు ముగిసిన తరువాత జనవరిలో తాత్కాలిక ఉద్యోగులను తొలగిస్తారు. చలికాలములో నిర్మాణ పనులు తగ్గుతాయి. కార్ల కర్మాగారాలను వేసవిలో కొన్ని రోజులు మూసివేస్తారు. ఏటా వచ్చే ఇటువంటి హెచ్చుతగ్గులను తొలగించి చూపడానికి గణాంకాలను సర్దుబాటు చేస్తారు. ఇలా సర్దుబాటు చేసిన సంఖ్యలు 1967 నుండి లభిస్తాయి. ఒక్క వారపు ఒడుదుడుకులు తప్పుదోవ పట్టించకుండా నాలుగు వారాల సగటును కూడా ప్రకటిస్తారు.

సర్దుబాటు వలన కొన్నిసార్లు వింత ఫలితాలు వస్తాయి. 2021 నవంబరు 20తో ముగిసిన వారానికి సర్దుబాటు చేసిన సంఖ్య 71,000 తగ్గి 1,99,000కు చేరిందనీ, 1969 తరువాత ఇదే కనిష్ఠమనీ ప్రకటించారు. అదే వారములో నిజముగా అందిన దరఖాస్తులు అంతకు ముందు వారము కన్న సుమారు 18,000 పెరిగి 2,58,000 దాటాయి. ఏటా ఆ వారములో వచ్చేంత పెరుగుదల ఈసారి రాలేదు కనుక లెక్కలో అది పెద్ద తగ్గుదలగా కనిపించింది.

మాంద్యాల కాలములో

2020కి ముందు అత్యధిక సంఖ్య 1982 అక్టోబరు 2తో ముగిసిన వారములో నమోదైన 6,95,000. 2008 ఆర్థిక సంక్షోభము తరువాత, 2009 మార్చి చివరలో ఈ సంఖ్య 6,65,000కు చేరింది. ఈ రెండూ దగ్గరగా కనిపించినా సమానము కావు. 1982లో అమెరికా శ్రామిక జనాభా సుమారు 11 కోట్లు, 2009లో 15 కోట్లకు పైగా ఉంది. కాబట్టి వేర్వేరు దశాబ్దాల సంఖ్యలను పోల్చేటప్పుడు శ్రామిక జనాభాలో వాటి నిష్పత్తిని చూడాలి.

2020 సంక్షోభము

కోవిడ్-19 వ్యాప్తిని అరికట్టడానికి 2020 మార్చిలో వ్యాపారాలు మూతపడ్డాయి. మార్చి 14తో ముగిసిన వారానికి 2,82,000గా ప్రకటించిన తొలి దరఖాస్తులు, మరుసటి వారము 32.83 లక్షలకు, ఆ పై వారము 66.48 లక్షలకు పెరిగాయి. తరువాతి సవరణలలో ఈ సంఖ్యలు మారినప్పటికీ, అంతకు ముందు ఎన్నడూ 7 లక్షలైనా దాటని పట్టికలో ఇది కనీవినీ ఎరుగని పెరుగుదల. నెలవారీ నిరుద్యోగ రేటు ఫిబ్రవరిలో 3.5 శాతము ఉండగా ఏప్రిల్‌లో 14.8 శాతానికి చేరింది. ఆ ఏప్రిల్ రేటు మే నెలలో గాని వెలువడలేదు. వారపు గణాంకాలు మార్చి 26వ తేదీ నాటికే ప్రమాదాన్ని తెలిపాయి.

ఈ సంక్షోభములోనే వీటి లోపాలు కూడా బయటపడ్డాయి.

పాత కంప్యూటర్లు: అనేక రాష్ట్రాల వ్యవస్థలు వెల్లువను తట్టుకోలేకపోయాయి. 1959లో పుట్టిన కోబాల్ భాష తెలిసిన ప్రోగ్రామర్లు స్వచ్ఛందముగా ముందుకు రావాలని 2020 ఏప్రిల్‌లో న్యూజెర్సీ గవర్నరు ఫిల్ మర్ఫీ కోరవలసి వచ్చింది. దరఖాస్తు చేయలేకపోయినవారు ఆ వారపు లెక్కలోకి రారు.

ఒకే వ్యక్తి పలుమార్లు: స్వయం ఉపాధిలో ఉన్నవారి కొరకు ప్రత్యేక పథకాన్ని ప్రారంభించారు. సాధారణ భృతికి అనర్హులు మాత్రమే దానికి అర్హులు. మొదట ఒకదానికి, అది తిరస్కరించబడితే రెండవదానికి దరఖాస్తు చేసినవారు రెండు చోట్లా లెక్కకు వచ్చారు. ఆలస్యమైన పలు వారాల భృతిని ఒకేసారి కోరినప్పుడు ఒక మనిషి పలువురిగా లెక్కకెక్కాడు. ఈ సంఖ్యలు వ్యక్తుల సంఖ్యను సరిగా చూపడము లేదని 2020 నవంబరులో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ నివేదించింది.

విరామము: కాలిఫోర్నియా 2020 సెప్టెంబరు చివరలో రెండు వారాల పాటు కొత్త దరఖాస్తులు తీసుకోవడము ఆపివేసింది. ఆ కాలములో దేశపు మొత్తములో కాలిఫోర్నియా పాత సంఖ్యనే మళ్ళీ కలిపారు.

మోసాలు: దొంగిలించిన వివరాలతో పెద్ద ఎత్తున దరఖాస్తులు వచ్చాయి. మహమ్మారి కాలపు భృతి చెల్లింపులలో మోసము 10,000 కోట్ల నుండి 13,500 కోట్ల డాలర్ల వరకు ఉండవచ్చునని 2023లో అదే ఆడిట్ సంస్థ అంచనా వేసింది.

లెక్కలోకి రానివారు

స్వచ్ఛందముగా ఉద్యోగము మానినవారు, మొదటిసారి పని వెతుకుతున్న విద్యార్థులు, స్వయం ఉపాధిలో ఉన్నవారు సాధారణముగా భృతికి అర్హులు కారు. గడువు ముగిసినవారు పని దొరకకపోయినా కొనసాగింపు లెక్క నుండి తొలగిపోతారు. ఫ్లోరిడా రాష్ట్రము 2011లో చేసిన చట్టము ద్వారా 26 వారాల గరిష్ఠ పరిమితిని, అక్కడి నిరుద్యోగ రేటును బట్టి, 12 నుండి 23 వారాలకు తగ్గించింది. ఉత్తర కరోలినా 2013లో దానిని 12 నుండి 20 వారాలకు కుదించింది. ఇటువంటి మార్పు తరువాత కొనసాగింపు దరఖాస్తులు తగ్గితే అది ఉద్యోగాలు దొరకడము వలననా, నియమము మారడము వలననా అన్నది ఆ సంఖ్య ఒక్కటే చెప్పలేదు.

అమెరికాలోని తెలుగువారికి కూడా ఈ విషయము వర్తిస్తుంది. అక్కడి సాఫ్ట్‌వేర్ రంగములో హెచ్-1బి వీసాపై పనిచేసే తెలుగువారు అనేకులు. ఆ వీసా యజమానితో ముడిపడి ఉంటుంది. ఉద్యోగము పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికి లేదా దేశము విడవడానికి గరిష్ఠముగా 60 రోజుల గడువు ఉంటుంది. ఏ యజమాని దగ్గరనైనా వెంటనే పనిలో చేరగలగాలన్న షరతు వలన వీరిలో చాలామందికి భృతి లభించదు. జీతముపై యజమాని పన్ను కట్టి ఉన్నప్పటికీ ఇది ఇంతే. 2022, 2023 సంవత్సరాలలో పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలు వేల సంఖ్యలో ఉద్యోగులను తొలగించినా, తొలి దరఖాస్తులు ఎక్కువగా 2 నుండి 2.5 లక్షల పరిసరాలలోనే ఉన్నాయి. మొత్తము శ్రామిక జనాభాతో పోలిస్తే ఆ తొలగింపులు కొద్ది, పైగా తొలగించేటప్పుడు ఇచ్చిన పరిహారము వలన కొన్ని రాష్ట్రాలలో భృతి ఆలస్యమవుతుంది.

2025లో ప్రకటన నిలిచిపోవుట

బడ్జెట్ ఆమోదము పొందక 2025 అక్టోబరు 1 నుండి నవంబరు 12 వరకు కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు మూతపడినప్పుడు, వారపు ప్రకటన కూడా నిలిచిపోయింది. నెలవారీ సర్వే కూడా ఆగిపోవడముతో అక్టోబరు నిరుద్యోగ రేటు అసలే లేకుండా పోయింది. రాష్ట్రాలు మాత్రము దరఖాస్తులు తీసుకుంటూ, తమ సంఖ్యలను పంపుతూనే ఉన్నాయి. ఆర్థికవేత్తలు వాటిని కూడి దేశపు మొత్తాన్ని అంచనా వేశారు. సర్వే చేసేవారు లేనిదే సర్వే ఉండదు, కాని భృతి కొరకు వచ్చేవారు ఉన్నంత కాలము దరఖాస్తులు నమోదవుతూనే ఉంటాయని దీని వలన తెలిసింది.

ఇవి కూడా చూడండి

నిరుద్యోగము
మహా మాంద్యము
సామాజిక భద్రత
హెచ్-1బి వీసా