ఫైలులో ఉండియు కానరాని పేరు

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక విద్యాసంస్థ కార్యాలయములో నేనొక వింత చూచితిని. 1996 లో చదువు ముగించిన పూర్వ విద్యార్థి ఒకరు మార్కుల పట్టిక నకలు కొరకు వచ్చిరి. గుమాస్తాగారు పాత కంప్యూటరులో వారి నంబరు కొట్టి వెదకగా, అట్టి నంబరు లేదని తెరపై జవాబు వచ్చెను. మూడుమార్లు వెదకినను అదే జవాబు. తరువాత మార్కుల ఫైలును నేరుగా తెరచి, మొదటి వరుసనుండి చూచుకొనుచు పోగా, ఆ నంబరు, ఆ పేరు, ఆ మార్కులు చెక్కుచెదరక అక్కడనే ఉండెను! ఉన్న పేరు వెదకినప్పుడు ఏల దొరకలేదు? ఇది తెలియవలెనన్నచో ఆ ఫైలు పుట్టుపూర్వోత్తరములు కొంత తెలియవలెను.

అమెరికాలో పాసడీనా పట్టణ సమీపమున, అంతరిక్ష నౌకలను నడపు జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ కలదు. 1970 తరువాతి సంవత్సరములలో అక్కడి పెద్ద యునివాక్ యంత్రముపై జాబితాలను భద్రపరచి వెదకు ప్రోగ్రాము ఒకటి పనిచేయుచుండెను. అక్కడి ఇంజనీరు వేన్ రాట్‌లిఫ్, కార్యాలయములో జరుగు ఫుట్‌బాల్ పందెములలో నెగ్గవలెనన్న కోరికతో, జట్ల వివరములను క్రమపరచుటకై 1978 లో తన ఇంటిలోని చిన్న కంప్యూటరుపై అటువంటి ప్రోగ్రామునే వ్రాసికొని 'వల్కన్' అని పేరు పెట్టెను. తరువాత జార్జి టేట్, హాల్ లాష్లీ అను వర్తకులు దాని అమ్మకపు హక్కు పొంది 'డీబేస్ 2' అని పేరు మార్చిరి. డీబేస్ 1 అనునది ఎన్నడును లేదు. వారి సంస్థ పేరు ఆష్టన్ టేట్. అందు ఆష్టన్ అను భాగస్వామియు లేడు. 'రెండవది' అన్నచో మొదటిదాని లోపములు దిద్దినదని కొనువారు తలతురు గదా!

1984 లో వెలువడిన డీబేస్ 3 తో ఈ ఫైలు రూపము చాలవరకు స్థిరపడెను. దీనిని డి.బి.ఎఫ్. ఫైలు అందురు. మన తరగతి జాబితానే ఉదాహరణగా తీసికొందము. నంబరుకు 6 అక్షరములు, పేరుకు 30, ఊరికి 20, మార్కులకు 3 చొప్పున మొత్తము 59 బైట్లు. ప్రతి వరుసకు ముందు ఒక గుర్తు కొరకు ఇంకొక బైటు చేర్చగా 60. ఫైలు ఆరంభమున శీర్షిక యుండును. అందు మొదటి 32 బైట్లలో చివరిసారి మార్చిన తేదీ, వరుసల సంఖ్య, శీర్షిక పొడవు, వరుస పొడవు ఉండును. ఆపైన ఒక్కొక్క గడికి 32 బైట్ల చొప్పున దాని పేరు, రకము, వెడల్పు వ్రాయబడును. తుదను ముగింపు బైటు ఒకటి. నాలుగు గడులకు శీర్షిక 161 బైట్లు. 500 మంది విద్యార్థులకు 30,000. చివర అంత్యచిహ్నము 1. మొత్తము 30,162 బైట్లు. ఈ లెక్కను విద్యార్థులు కాగితముపై వేసి, ఏదేని పాత ఫైలుతో సరిచూచుకొనవచ్చును. తన స్వరూపమును ఫైలు తానే చెప్పుకొనును గనుక, పుట్టించిన ప్రోగ్రాము పోయినను మరొకటి దానిని చదువగలదు.

చదువగల ప్రోగ్రాములు చాలనే వచ్చెను. నాన్‌టకెట్ సంస్థ 'క్లిప్పర్'ను, ఫాక్స్ సంస్థ 'ఫాక్స్‌బేస్'ను, పిదప 'ఫాక్స్‌ప్రో'ను తెచ్చెను. ఆష్టన్ టేట్ 1988 లో ఫాక్స్‌పై దావా వేసెను. అది తేలకమునుపే, 1991 లో ఆష్టన్ టేట్‌ను బోర్లాండ్ సంస్థయు, 1992 లో ఫాక్స్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థయు కొనివేసెను. మన దేశములోను ఎన్నో కార్యాలయములు ఈ ప్రోగ్రాములతోనే లెక్కలు నడపెను.

చిక్కంతయు ఇండెక్సులో కలదు. పుస్తకము చివర పదసూచిక ఉన్నట్లు, ఏ నంబరు ఎన్నవ వరుసలో కలదో చెప్పు వేరొక ఫైలే ఇండెక్సు. వేల వరుసలున్నను అది నాలుగైదు అడుగులలో స్థానము చూపును. మూలఫైలు అందరికిని ఒకటే. ఇండెక్సు మాత్రము ఎవరిది వారిదే. డీబేస్ ఇండెక్సు వేరు, క్లిప్పర్ ఇండెక్సు వేరు, ఫాక్స్‌ప్రో ఇండెక్సు వేరు. ఒక ప్రోగ్రాము కొత్త వరుస చేర్చి తన ఇండెక్సునే దిద్దుకొన్నచో, రెండవ ప్రోగ్రాముకు ఆ వరుస లేనట్లే.

మరి రెండు సంగతులు. ఈ ఫైళ్లలో కొట్టివేసిన వరుస వెంటనే పోదు. ప్రతి వరుసకు ముందున్న ఆ ఒక్క బైటులో నక్షత్రపు గుర్తు పడును, అంతే. 'ప్యాక్' ఆజ్ఞ ఇచ్చు వరకు దానిని తిరిగి తెచ్చుకొనవచ్చును. ప్యాక్ చేసిన పిదప దారి లేదు. కాబట్టి ముందు నకలు తీయక ప్యాక్ చేయుట నా దృష్టిలో దుస్సాహసము. ఇక రెండవది. ఈ పద్ధతిలో ఫైలును కాచు కేంద్ర ప్రోగ్రాము లేదు. నెట్‌వర్కులోని ప్రతి కంప్యూటరు తానే ఫైలులో చేయి పెట్టును. నడుమ కరెంటు పోయినచో వరుస చేరియు శీర్షికలోని సంఖ్య మారకుండవచ్చును. మన ఉదాహరణలో శీర్షిక 498 అని చెప్పుచున్నదనుకొనుడు. ఫైలు పొడవునుండి శీర్షికను, అంత్యచిహ్నమును తీసివేసి 60 చే భాగింపుడు: 500. మిగిలిన ఇద్దరును దొరకిరి!

1992 లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఓ.డి.బి.సి. అను పద్ధతివలన కొత్త ప్రోగ్రాములు ఒకే రీతి ఆజ్ఞలతో పలువిధముల ఫైళ్లను అడుగగలిగెను. నడుమనుండు 'డ్రైవరు' దుబాసీ వంటిది. అయినను కొట్టివేసిన వరుసలను చూపవలెనా వద్దా, దిద్దవలసిన ఇండెక్సులేవి అనునవి దానికి మనమే చెప్పవలెను. తెలుగు ఫైళ్లకు మరియొక కష్టము. 1991 నాటి ఇస్కీ ప్రమాణము ప్రకారము వ్రాసిన తెలుగు అక్షరములకు 128 కి పైబడిన సంకేతములుండును. దుబాసీ వాటిని పాశ్చాత్య భాషల అక్షరములనుకొని మార్చినచో పేరు గుర్తుపట్టరాకుండ పోవును.

విజువల్ ఫాక్స్‌ప్రోకు మైక్రోసాఫ్ట్ సహాయము 2015 జనవరితో ముగిసెను. పటములు గీయువారు వాడు షేప్ ఫైళ్లలో మాత్రము డి.బి.ఎఫ్. నేటికిని జీవించియున్నది.

ఆ కార్యాలయములో జరిగినదియు ఇండెక్సు కథయే. సప్లిమెంటరీ మార్కులను నాడు ఎవరో వేరొక ప్రోగ్రాముతో ఎక్కించిరి. పాత ఇండెక్సుకు ఆ సంగతి తెలియదు. మొదట ఫైళ్లన్నింటికి నకలు తీసి, ఆ నకలుపై ఇండెక్సును తిరిగి కట్టించితిమి. నిమిషము పట్టలేదు. ఆ నంబరు కొట్టగానే పేరు వచ్చెను; దానితోపాటు అంతవరకు ఎవరును అడుగని మరి పదునొకండు మంది పేర్లును బయటపడెను. గుమాస్తాగారు వాటిని ఒక కాగితముపై వ్రాసికొని బల్ల సొరుగులో పెట్టుకొనిరి.