ఆకలిగొన్న మట్టి

పడవ ఇసుకను రాసుకుని ఆగుతుంది. చెప్పులు చేత పట్టుకుని మోకాలిలోతు నీళ్లలోకి దిగుతారు. ఎదురుగా మార్షల్ దీవుల్లోని బికినీ. కాలం 1980ల చివర. ఒడ్డున మిమ్మల్ని పలకరించే ఊరు లేదు.

నాలుగడుగులు వేస్తే కొబ్బరితోట. దారం కట్టి నాటినట్టు వరుసలు. 1946లో అమెరికా తన అణుపరీక్షల కోసం ఇక్కడి 167 మందినీ తరలించింది. 1958 దాకా 23 బాంబులు పేల్చారు. ఆపైన 'ఇక వెళ్లొచ్చు' అని ఈ మొక్కలు నాటించారు. కొన్ని కుటుంబాలు నమ్మి వచ్చాయి, ఈ కాయలే తాగాయి. ఒంట్లో అణుధార్మిక సీజియం పేరుకుంటోందని 1978లో వాళ్లను మళ్లీ పంపేశారు. ఎంత అన్యాయం!

దబ్బున ఓ కాయ రాలుతుంది. గొంతెండిపోతోంది. తీసి చెవి దగ్గర ఊపుతారు. లోపల నీళ్లు కదులుతాయి. కొట్టకుండా చంకలో పెట్టుకుంటారు.

పారతో ఒక్క పోటు వేయండి. పైన ఆకులు కుళ్లిన నల్లమట్టి, కింద తెల్లటి పగడపు నుసి. సీజియాన్ని పట్టి ఉంచే బంకమన్ను లేదు, పొటాషియం బొత్తిగా తక్కువ. పొటాషియం, సీజియం దగ్గరి చుట్టాలు. ఆకలితో ఉన్న వేరు ఒకటి దొరక్క రెండోదాన్ని పీల్చేస్తుంది. పోనీ, నల్లమట్టిని గీకి పారేస్తే? విషం పోతుంది, దాంతోపాటు తోటా పోతుంది. చెట్టును నిలబెట్టే సత్తువంతా ఆ పొరలోనే ఉంది.

అందుకే అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాలవాళ్లు మన కొబ్బరి రైతులు ఎరిగిన పొటాషియం ఎరువు, పొటాషే వాడి చూశారు. సంచి విప్పి, మొదలు చుట్టూ గుప్పెళ్లతో చల్లుతారు. అరచేయి ఉప్పుగా చురుక్కుమంటుంది. వాన పడాలి, వేళ్లకు అందాలి. పొటాష్ అందిన చెట్ల కాయల్లో సీజియం సుమారు పదో వంతుకు దిగింది. కడుపు నిండిన చెట్టు విషాన్ని వదిలేసింది! మట్టిలో మాత్రం అది ఉంది. సగం తరగడానికే 30 ఏళ్లు పడుతుంది.

దక్షిణాన కిలీ దీవిలో, 1948 నుంచీ, బికినీవాళ్లు ఎదురుచూస్తున్నారు. అక్కడ పడవ నిలుపుకునే ప్రశాంతమైన లోపలి సముద్రం కూడా లేదు. వాళ్లకు కావలసింది కొబ్బరొక్కటే కాదు, సీమపనస, మొగలిపండు కూడా.

పొద్దు వాలుతోంది. పరీక్షకు పంపే కాయలపై చెట్టు నంబరు, తేదీ రాస్తున్నారు. చంకలోని కాయను మీరూ ముందుకు చాపుతారు.

"ఏ చెట్టుది?"

వెనక్కి తిరిగి వరుసలు లెక్కపెట్టడం మొదలుపెడతారు.