కొలంబస్ కంటే ముందే అమెరికాని తాకిందెవరు? సాక్ష్యం చెప్తున్న చిలగడదుంప!

శివరాత్రికి మన ఇళ్లల్లో ఉడకబెట్టే చిలగడదుంప తెలుసు కదా? కొన్నిచోట్ల గెణుసుగడ్డ అంటారు, తెలంగాణలో చాలామంది మోరంగడ్డ అంటారు. ఈ దుంప పుట్టిల్లు అమెరికా. మన దగ్గరికి కొలంబస్ తర్వాతే, యూరప్ వాళ్ల ఓడల్లో వచ్చింది. కానీ పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఉన్న పాలినేషియా దీవులకి మాత్రం కొలంబస్ కంటే ముందే చేరిపోయింది. ఎలా? ఈరోజు ఎపిసోడ్ అదే.

ముందు ఒక విషయం. "కొలంబస్ అమెరికాని కనిపెట్టాడు" అనే మాటే కరెక్ట్ కాదు. 1492లో ఆయన వెళ్లేసరికి అక్కడ వేల ఏళ్లుగా జనం ఉన్నారు, నగరాలు కట్టుకున్నారు. మన ప్రశ్న వేరే: సముద్రం అవతలి వాళ్లెవరైనా అంతకుముందే అక్కడికి వెళ్లారా?

ఒక జవాబు పక్కాగా ఉంది. ఉత్తర యూరప్ నుంచి వచ్చిన వైకింగులు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో, లాన్స్ ఓ మెడోస్ అనే చోట వాళ్ల ఇళ్ల పునాదులు 1960లలో తవ్వకాల్లో బయటపడ్డాయి. డేట్ ఎలా తెలిసిందో వినండి. 993లో సూర్యుడి మీద పెద్ద తుఫాను వచ్చింది, దాని గుర్తు చెట్ల వలయాల్లో మిగిలిపోయింది. అక్కడ దొరికిన చెక్కల్లో ఆ వలయం తర్వాత 28 వలయాలు లెక్కపెట్టారు. అంటే చెట్టు నరికింది 1021లో. నేను కోడ్ రాసే రోజుల్లో సర్వర్ లాగ్‌లో టైమ్‌స్టాంప్ దొరికితే సగం పని అయిపోయేది. ఇది అచ్చం అలాంటిదే.

ఇప్పుడు మన దుంప దగ్గరికి వద్దాం. 1769లో కెప్టెన్ కుక్ ఓడ న్యూజిలాండ్ చేరేసరికి మావోరీలు అప్పటికే చిలగడదుంప పండిస్తున్నారు. కుక్ దీవుల్లోని మంగాయాలో, కొలంబస్ కంటే పాత పొరల్లో, కాలి బొగ్గైపోయిన దుంప ముక్కలు దొరికాయి. పేరు కూడా చూడండి. మావోరీలు "కూమరా" అంటారు. దక్షిణ అమెరికాలో ఈక్వడార్, పెరూ వైపు భాషల్లో "కుమర్" లాంటి పేర్లున్నాయి.

అయితే కేసు క్లోజా? కాదు. 2018లో కొందరు శాస్త్రవేత్తలు ఈ మొక్క జన్యువులు చదివి, మనుషులతో పని లేకుండా సముద్రమే విత్తనాలు మోసుకొచ్చి ఉండొచ్చు అన్నారు. సరే, అది సాధ్యమే అనుకుందాం. మరి పేరుని కూడా అలలే మోసుకొచ్చాయా?

2020లో ఇంకో సాక్ష్యం వచ్చింది, ఈసారి మనుషుల నుంచే. 807 మంది డీఎన్ఏ పరిశీలించారు. 1200 ప్రాంతంలో పాలినేషియన్లు, దక్షిణ అమెరికా ఆదివాసులు కలిశారని తేలింది. ఈస్టర్ ఐలాండ్ అని మనం పిలిచే రాపా నుయ్‌లోని పాత ఎముకల డీఎన్ఏ 2024లో చదివితే, అక్కడా అదే కథ. యూరప్ వాళ్లు రాకముందే కలిశారు.

మరి ఎవరు ఎవరి దగ్గరికి వెళ్లారు? 1947లో నార్వే వాసి థోర్ హయర్దాల్ "కోన్-టికి" అనే తెప్ప మీద పెరూ నుంచి 101 రోజులు ప్రయాణించి పాలినేషియా చేరాడు. దక్షిణ అమెరికా వాళ్లే వెళ్లి ఆ దీవుల్లో స్థిరపడ్డారన్నది ఆయన వాదన. గొప్ప సాహసమే, డౌట్ లేదు. కానీ వెళ్లగలగడం వేరు, వెళ్లారని రుజువవడం వేరు. పాలినేషియన్ల భాషలు, డీఎన్ఏ వాళ్ల మూలాలు ఆసియా వైపున్నాయని చెప్తున్నాయి. జంట పడవలు కట్టి, చుక్కలు, అలలు, పక్షులు చూసి దారి పట్టి, ఆ మహాసముద్రంలోని దీవులన్నీ వెతుక్కున్నది వాళ్లు. అందుకే పాలినేషియన్లే అమెరికా తీరందాకా వెళ్లొచ్చారని చాలామంది పరిశోధకులు అనుకుంటున్నారు. ఇందులో పందెం చిన్నది కాదు. హయర్దాల్ మాట నమ్మితే, ఆ నావికుల తాతముత్తాతల కష్టం ఇంకొకరి ఖాతాలో పడిపోతుంది.

అలాగని దీన్ని "వ్యాపారం" అనలేం. క్రమం తప్పకుండా సరుకులు అటూ ఇటూ తిరిగాయనడానికి ఆధారాల్లేవు. పరిచయం జరిగింది, అంతే.

చివరిగా మన ఇండియా సంగతి. కర్ణాటకలోని సోమనాథపుర గుడి 13వ శతాబ్దపు హొయసల కట్టడం. అక్కడి శిల్పాల చేతుల్లో ఉన్నవి మొక్కజొన్న పొత్తులని, అంటే మనవాళ్లు అప్పుడే అమెరికా వెళ్లొచ్చారని వాదన ఉంది. అవి ముత్యాలతో చెక్కిన ఊహాఫలాలని ఇంకొందరు పండితులు కాదన్నారు. నాకూ ఇదే సబబుగా అనిపిస్తుంది. ఎందుకంటే మొక్కజొన్న నిజంగా వచ్చి ఉంటే పొలాల్లో, వంటల్లో, పాత మట్టి పొరల్లో జాడ ఉండాలి. మంగాయాలో దుంప దొరికినట్టు ఇక్కడ గింజ దొరకాలి కదా?

సో, వాట్సాప్‌లో "మన పూర్వీకులే అమెరికా కనిపెట్టారు" అని వస్తే గర్వపడే ముందు ఒక్క ప్రశ్న అడగండి: దుంప ఎక్కడ? పాలినేషియన్లు చూపించగలిగారు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!