మంచుగడ్డ మొదలు మాదాపూరు వరకు

శీతలయంత్రముల శక్తిని నేటికిని టన్నులలోనే కొలుచుచున్నారు. ఈ మాట వెనుక ఒక చరిత్ర కలదు. అమెరికా సరస్సులలో కోసిన మంచుగడ్డలు ఓడలో 1833లో కలకత్తా చేరినవి. మదరాసు తీరమున వానిని దాచుటకు 1842లో ఐస్ హౌసు వెలసినది. రెండువేల పౌనుల మంచు ఒక దినములో కరగుచు ఎంత వేడిని గ్రహించునో, అంత వేడిని అదే కాలములో తొలగింపగల శక్తియే ఒక టన్ను.

1902లో విలిస్ కారియర్ అను ఇంజనీరు బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయమునకై గాలిలోని తేమను అదుపుచేయు ఏర్పాటును రూపొందించెను. అది మనుష్యుల సుఖమునకు గాక, కాగితము సాగకుండుటకు పుట్టినది.

హైదరాబాదులో మందపు గోడలు, లోగిళ్ళు, వట్టివేళ్ళ తడికెలు చిరకాలము ఎండను కాచినవి. 1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్సును ప్రారంభించిరి. పిదప ఆ ప్రాంతమున అద్దాల మేడలు వరుసగా లేచినవి. అట్టి మేడలలో చిల్లర్ అను యంత్రము నీటిని సుమారు 7 డిగ్రీలకు చల్లార్చును. ఆ నీరు గొట్టములవెంట అంతస్తులకు పోయి, గదుల వేడిని గ్రహించి, సుమారు 12 డిగ్రీలతో మరలివచ్చును. ఆ వేడిని మిద్దెపైని కూలింగ్ టవర్ బయటి గాలిలోనికి వదలును. వేడి నశింపదు, చోటు మాత్రము మారును.

ఇట్టి యంత్రముల ఆయువు ఇరువది, ఇరువదియైదు ఏండ్లు. కావున తొలితరపు మేడలకు యంత్రమును మార్చు కాలము వచ్చినది. పాతదానిని తీసి, అంతే టన్నుల క్రొత్తదానిని నిలుపుట సులభము. కాని వివేకము కాదు. నాటి లెక్క బరువైన కంప్యూటరు తెరలకును, వేడెక్కు దీపములకును వేసినది. నేటి తెరలు పలుచన, దీపములు చల్లన. ఒక సంవత్సరముపాటు వాస్తవపు అవసరమును కొలిచి, పిదప పరిమాణమును నిర్ణయింపవలెను.

వాయువు సంగతియు గమనింపదగినది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందము ననుసరించి ఓజోను పొరకు చేటు చేయు సి.ఎఫ్.సి. వాయువులను మన దేశము 2010 నాటికి విడనాడినది. వాని స్థానమున వచ్చిన హెచ్.ఎఫ్.సి. వాయువులు భూమిని వేడెక్కించునవి. 2016 నాటి కిగాలీ సవరణను భారతదేశము 2021లో ఆమోదించినది. దాని ప్రకారము 2047 నాటికి వీని వాడుక 85 శాతము తగ్గవలెను. నేడు నిలిపిన యంత్రము అప్పటికి ఇంకను తిరుగుచుండవచ్చును. పాతయంత్రములోని వాయువును గాలిలోనికి వదలక, సిలిండరులలోనికి పట్టుటయు విధి.

నీటి ఖర్చును మరువరాదు. ఒక టన్ను శక్తితో గంటసేపు నడచిన, కూలింగ్ టవర్‌లో సుమారు ఆరు లీటర్లు ఆవిరియగును. ఈ నగరమునకు కృష్ణా, గోదావరి జలములు వంద కిలోమీటర్లకు పైబడిన దూరమునుండి వచ్చుచున్నవి.

మాదాపూరు చెంతనే, 2004 జూలైలో రాష్ట్రపతి అబ్దుల్ కలామ్ ప్రారంభించిన సి.ఐ.ఐ. హరిత వాణిజ్య కేంద్రమున, గాలి గోపురములు గాలిని ముందుగా చల్లబరచి యంత్రముల బరువును తగ్గించుచున్నవి. ముందు ఎండను ఆపి, మిగిలిన వేడికే యంత్రమును కొనవలెనని దీని పాఠము.

అద్దెమేడలలో యంత్రమును కొనువారొకరు, కరెంటు బిల్లు కట్టువారు వేరొకరు. అందుచేతనే చవుకయంత్రము తరచు గెలుచుచున్నది. ఇరువురును ఒకచోట కూర్చుండి, కొనుగోలు ధరతోపాటు ఇరువది ఏండ్ల విద్యుత్తు, నీటి ఖర్చులను కలిపి లెక్కించినచో సరియైన నిర్ణయము కుదురును. ఆ లెక్కలో, మేడ వెలుపల వేడిగాలిలో నిలుచు పాదచారికిని ఒక వరుస ఉండుట న్యాయము.