మోకుకు రెండు కొసలు: నల్లమల తేనె చరిత్రలో స్త్రీలెక్కడ?

కొండలెక్కడం ఎవరి విద్య? ఈ ప్రశ్న వేస్తే మనలో చాలామందికి హిమాలయాలు, మంచుబూట్లు, శిఖరం మీద జెండా పాతుతున్న మగవాడు గుర్తుకొస్తారు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వెళ్లిన మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లయినా నిండకుండా ఎవరెస్ట్ ఎక్కాక ఆ బొమ్మ కాస్త చెదిరింది. ఒక గిరిజన బాలిక భువనగిరి గుట్ట మీద మొదటి పాఠాలు నేర్చుకుని ప్రపంచపు నెత్తికెక్కింది. అయినా మన ఊహలో కొండలెక్కడమంటే ఇప్పటికీ క్రీడే, సాహసమే, రికార్డే. బతుకుతెరువు కోసం తరతరాలుగా కొండచరియల మీద వేలాడినవాళ్లు ఆ జాబితాలో లేరు. వాళ్ల పేరు పక్కన ‘ఆరోహకుడు’ అని ఎవరూ రాయలేదు. ‘అటవీ ఉత్పత్తుల సేకరణదారు’ అని రాశారు.

పాశ్చాత్య దేశాల్లో రాతి ఎక్కుడులో ఒక ప్రత్యేక శాఖ ఉంది. బండలో నిలువుగా చీలిన వెడల్పాటి నెర్రెల్లో ఎక్కడమే ఆ శాఖ వాళ్ల పని. ఆ నెర్రె పిడికిలి బిగించి నిలదొక్కుకోవడానికి మరీ వెడల్పు, మనిషి దూరిపోవడానికి మరీ ఇరుకు. మోచేయి, భుజం, మోకాలు, మడమ అన్నీ అందులో ఇరికించి, చర్మం దోక్కుపోతుంటే అంగుళం అంగుళంగా జరగాలి. 2011లో అమెరికాలోని యూటా ఎడారిలో సెంచురీ క్రాక్ అనే నెర్రెను ఇద్దరు ఆంగ్లేయ యువకులు, టామ్ రాండల్, పీట్ విటకర్, ఎక్కితే అది వార్త అయింది. అదే శాఖలో పమేలా శాంతి ప్యాక్ అనే అమెరికన్ మహిళ నిపుణురాలిగా పేరు తెచ్చుకుంది. అంతకుముందు 1973లో బెవర్లీ జాన్సన్, సిబిల్ హెక్టెల్ కలిసి మగవాళ్ల తోడు లేకుండా ఎల్ కాపిటన్ గోడను ఎక్కారు. 1993లో లిన్ హిల్ అదే గోడ మీది ‘నోస్’ దారిని పరికరాల మీద భారం వెయ్యకుండా, తన చేతులూ కాళ్లతోనే ఎక్కింది. అప్పటివరకు ఏ మగవాడూ ఆ పని చెయ్యలేదు. ఆ లోకంలో ప్రతి నెర్రెకూ ఒక పేరుంది, ప్రతి దారికీ కష్టాన్ని కొలిచే ఒక అంకె ఉంది, మొదట ఎక్కిన మనిషికి చరిత్రలో చోటుంది.

ఇక మన నల్లమలకు వద్దాం. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, దోర్నాల. పశ్చిమ ప్రకాశం అని మనం అలవాటుగా పిలుచుకునే ఈ నేల 1970 వరకు కర్నూలు జిల్లాలో భాగం. కింద పలకరాయి పొరలు, పైన క్వార్ట్జైట్ బండలు. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ పొరలకు కంభం, బైరెనికొండ పేర్లు పెట్టారు. ఆ పలకరాయే మార్కాపురం పలకగా మారి ఎన్నో తరాల పిల్లల చేత ‘అ ఆ’లు దిద్దించింది. పైనున్న గట్టిరాయి నిలువునా బీటలు వారి, అంచులు ముందుకు పొడుచుకొచ్చి చరియలు కట్టింది. ఆ అంచుల కింద, ఆ నెర్రెల్లో తేనెటీగలు ఉంటాయి. వాటి కోసం చెంచులు దిగుతారు.

‘దిగుతారు’ అనే మాట ముఖ్యం. యూటా యువకులు కింది నుంచి పైకి ఎక్కితే, చెంచు మనిషి పై నుంచి కిందికి దిగుతాడు. కొండతేనెటీగ తన పట్టును పొడుచుకొచ్చిన బండ అడుగున ఒకే పొరగా, గాలికి తెరిచి కడుతుంది. ఒక్కో పట్టు మీటరు వెడల్పు కూడా ఉంటుంది. ఈ జాతి ఈగలు కోపిష్టివి, ఒక్కసారిగా గుంపుగా లేస్తాయి. చిన్నజాతి ఈగలు నెర్రెల లోపల, తొర్రల్లో చీకట్లో కడతాయి. అక్కడ చెయ్యి దూర్చి తడుముకోవాలి. పెద్దపట్టు దగ్గరికి మాత్రం మోకు మీద దిగాల్సిందే. ఒక చేత మోకు, ఇంకో చేత పచ్చి ఆకుల పొగ. గాలి వాలు చూసుకోవాలి, కాలితో బండను తన్ని ఊగి పట్టు దగ్గరికి చేరాలి. పట్టులో తేనె ఉండేది పైభాగంలో, బండకు అంటుకున్న వైపు. పిల్లలుండేది కింద. ఏది కొయ్యాలో, ఏది వదిలితే ఈగలు మళ్లీ నిలదొక్కుకుంటాయో కోసే చేతికి తెలియాలి. ఇదంతా విద్య కాకపోతే విద్య అంటే ఏమిటి?

ఈ విద్యకు చరిత్ర రాసిందెవరు? 1909లో ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి తోడ్పాటుతో ఏడు సంపుటాల్లో దక్షిణ భారత కులాలు, తెగల గురించి రాశాడు. అందులో చెంచులకు కొన్ని పుటలు దక్కాయి. 1940లో కృష్ణకు ఉత్తరాన, నిజాం రాజ్యంలోని అమ్రాబాద్ పీఠభూమిలో క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చెంచుల మధ్య ఉండి పరిశోధన చేశాడు, 1943లో పుస్తకం వెలువరించాడు. కృష్ణకు దక్షిణాన, అంటే మన మార్కాపురం వైపు, మద్రాసు ప్రెసిడెన్సీ. ఇక్కడ 1882 అటవీ చట్టం వచ్చాక అడవికి యజమాని సర్కారయింది, అందులోనే పుట్టినవాళ్లు అనుమతి అడగాల్సినవాళ్లయ్యారు. ఒకే జనం, ఒకే కొండలు, మధ్యలో ఒక నది. ఉత్తరాన అమ్రాబాద్ చెంచు గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతమయ్యాయి. దక్షిణాన ప్రకాశం, కర్నూలు, గుంటూరు చెంచుగూడేలకు ఆ రక్షణ దక్కలేదు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ తేనెకు అంగడి చూపించింది. 1975లో చెంచులను ఆదిమ గిరిజన తెగగా గుర్తించారు. ఈ కాగితాలన్నిటిలో తేనె ఉంటుంది, మైనం ఉంటుంది, తపసి బంక ఉంటుంది, కిలోలుంటాయి, ధరలుంటాయి. మోకు ఉండదు. మోకు పట్టుకున్న చేతులసలే ఉండవు.

ఆ చేతుల దగ్గరే స్త్రీల ప్రశ్న మొదలవుతుంది.

చెంచుల్లో ఒక ఆచారం గురించి విస్తృతంగా చెప్పుకుంటారు. చరియ దిగే మనిషి పైన మోకును సొంత అన్నదమ్ముల చేతిలో పెట్టడు. భార్య తోడబుట్టినవాడి చేతిలో, అంటే బావ చేతిలోనో బావమరిది చేతిలోనో పెడతాడు. కారణం కూడా చెబుతారు. మోకు జారితే ముండమోసేది తన తోడబుట్టినదే కాబట్టి వాడు చచ్చినా వదలడు. సొంత అన్నదమ్ములకైతే వదిన మీదో, మరదలి మీదో కన్ను పడవచ్చు. ఆనమలై కొండల్లో కాదర్ల తేనెపనిలో పైన భార్యో కొడుకో కావలి ఉంటారని, కుట్ర జరగకుండా ఆ ఏర్పాటని పాత రాతల్లో నమోదైంది. అంటే తాడు తెగుతుందన్న భయం కన్నా, తాడు వదిలేస్తారన్న భయం ఎక్కువన్నమాట!

ఈ ఆచారాన్ని మనం ఎలా చదవాలి? మొదటి చూపులో కోపం వస్తుంది. స్త్రీ చరియ దగ్గర లేదు, మోకు ముట్టలేదు. అయినా ఇద్దరు మగవాళ్ల మధ్య నమ్మకానికి ఆమె మాంగల్యమే పూచీ. ఆమె ఒక హామీపత్రం. ఆమె పసుపుకుంకుమలు ఒకరి ప్రాణానికి, మరొకరి నిజాయితీకి మధ్య ముడి. పితృస్వామ్యం స్త్రీని మగవాళ్ల మధ్య వారధిగా వాడుకుంటుందని మనం ఎన్నిసార్లు రాసుకోలేదు? ఇదీ అదే కదా అనిపిస్తుంది.

కానీ అక్కడే ఆగిపోతే మైదానం కళ్లద్దాలతో అడవిని చూసినట్టే అవుతుంది. మైదానంలో మన పెళ్లిళ్లు ఆడపిల్లను పుట్టింటి నుంచి తెంచి పంపుతాయి. ‘ఆడపిల్ల’ అంటే ‘ఆడ’ పిల్లేనని, ‘ఈడ’ పిల్ల కాదని చమత్కారంగా చెప్పుకుని మురిసిపోయిన జాతి మనది. కట్నమిచ్చి పంపాక ఆమె బతుకు అత్తింటి దయ. చెంచుల ఆచారంలో లెక్క తిరగబడింది. అక్కడ పెళ్లి అయ్యాక కూడా ఆమె పుట్టిల్లు ఆమె వెంటే ఉంటుంది. ఎంత వెంటంటే, ఆమె మొగుడి ప్రాణం అక్షరాలా ఆమె పుట్టింటి చేతిలో వేలాడుతుంది. ఆమెను బాధపెట్టిన మనిషి మర్నాడు ఏ ధైర్యంతో ఆ మోకు పట్టుకుని దిగుతాడు? ఈ ప్రశ్న ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. కానీ ఆచారం పొడుగునా అది దాగి ఉందనే నా నమ్మకం. హైమెన్‌డార్ఫ్ చెంచు భార్యాభర్తల మధ్య గమనించిన సమానతకు, విధవ మళ్లీ పెళ్లి చేసుకోవడానికి అడ్డులేని ఆ సమాజపు తీరుకు ఈ మోకు కూడా ఒక సాక్ష్యం కావచ్చు. సమానత ఆకాశం నుంచి ఊడిపడదు. ఒకరి అవసరం ఇంకొకరికి ఉన్నచోట అది నిలుస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. చరియ మీద వేలాడే మనిషిని చూసి అబ్బురపడుతూ మనం కూడా ఆ పాత మగ సాహసకథనే మళ్లీ చెబుతున్నామేమో! తేనె ఏడాది పొడుగునా దొరకదు. రోజూ పొయ్యి మీదికి వచ్చింది గడ్డలూ దుంపలూ. వాటిని తవ్వుడుకర్రతో నేలలోంచి పెళ్లగించడంలో ఎక్కువ చెమటోడ్చింది స్త్రీలు. రాళ్లనేలలో చేతిలోతు గుంట తవ్వి, వేరు తెగకుండా దుంప తీయడానికి పట్టే ఓపికకు ఏ ఫొటో లేదు. లోయ అంచున వేలాడేవాడి చిత్రం పత్రికల ముఖచిత్రమవుతుంది. నేలకు వంగిన నడుం ఎవరికీ ముఖచిత్రం కాదు. పనిని ప్రమాదంతో కొలిచే అలవాటు ఉన్నంతకాలం స్త్రీల పని చిన్నదిగానే కనిపిస్తుంది. ఆ అలవాటు మనలోనూ ఉంది.

అయితే ఎక్కడం మగపని, తవ్వడం ఆడపని అన్న ఈ పంపకం సృష్టి మొదటి నుంచీ ఉన్నదేనా? కాదనిపించే ఆధారాలు రాతి మీదే ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లో పచ్‌మఢీ కొండల్లోని జంబూద్వీప్ గుహలో తేనెపట్టు కోసం నిచ్చెనలెక్కే ఒక పురుషుడు, ఒక స్త్రీ ఉన్న బొమ్మను పరిశోధకులు గుర్తించారు. స్పెయిన్‌లో బికోర్ప్ దగ్గర అరాన్యా గుహల్లో వేల ఏళ్ల నాటి ఒక ప్రసిద్ధ చిత్రముంది. తాళ్లు పట్టుకుని తేనెతొర్రకు ఎగబాకే ఆ ఆకారానికి ‘బికోర్ప్ పురుషుడు’ అని పేరు పెట్టేశారు. కానీ ఆ నడుము, ఆ తుంట్లు చూసి అది స్త్రీయే అన్నవాళ్లూ ఉన్నారు. బొమ్మ ఏమీ చెప్పలేదు. పేరు పెట్టినవాళ్లు చెప్పారు. ఎక్కుతున్నది కాబట్టి మగవాడే అయి ఉండాలన్నది వాళ్ల తర్కం.

మన కథల్లో ఈ తర్కం తిరగబడిన చోటు ఒకటుంది. అహోబిలం నరసింహుడు చెంచు పిల్లను వలచిన కథ నల్లమలంతా తెలుసు. ఆ కథే 1958లో బి.ఎ. సుబ్బారావు దర్శకత్వంలో ‘చెంచులక్ష్మి’ సినిమా అయింది. అంజలీదేవి, అక్కినేని నటించిన ఆ సినిమాలో ఇప్పటికీ మనం కూనిరాగాలు తీసే ఒక యుగళగీతముంది. అందులో చెంచిత తన వెంటపడ్డ దేవుణ్ణి అడిగేది సిరిసంపదల గురించి కాదు. నీకు ఎక్కడం వచ్చా అని. చెట్టూ పుట్టా ఎక్కే విద్యలో ఆమె పరీక్షకురాలు, దేవుడు అభ్యర్థి! సినిమా సరదాగా చెప్పినా ఆ సన్నివేశంలో ఒక నిజముంది. ఏ కొమ్మ బరువాగుతుందో, ఏ చరియ మోసం చేస్తుందో తెలియనిది ఎవరూ పరీక్ష పెట్టలేరు. శ్రీశైలం మల్లన్నను సైతం చెంచు మల్లయ్యగా, తమ ఆడపిల్లను చేసుకున్న అల్లుడిగా చూసే జనం వాళ్లు. దేవుడైనా అల్లుడే. అల్లుడంటే బావమరిది చేతి మోకుకు వేలాడాల్సినవాడే.

ఇవాళ ఆ మోకు వేరే చేతుల్లోకి పోతోంది. 1978లో అభయారణ్యం, 1983లో పులుల ప్రాజెక్టు. ఇవి వచ్చాక అడవిలో ఎవరు తిరగాలన్నది గూడెం బయట తేలుతోంది. 2006 అటవీ హక్కుల చట్టం తేనెను, మైనాన్ని పేరుపెట్టి మరీ చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. వాటి మీద యాజమాన్యం అడవిబిడ్డలదేనంది. అదే చట్టంలోని నాలుగో సెక్షన్, హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలని చెప్పింది. చెంచు ఆచారం చెప్పకుండా చెప్పిన మాటను చట్టం ఇన్నేళ్లకు కాగితం మీద రాసింది. కానీ కాగితం మీద ఆమె పేరు ఎక్కితే చాలదు. ఏ పట్టు ఎప్పుడు కొయ్యాలి, ఏ ఏడు వదిలెయ్యాలి, తేనె ఎవరికి ఏ ధరకు అమ్మాలి అని తేల్చే కూటమిలో ఆమె కూర్చోవాలి. గ్రామసభలో ఆమె మాట వినపడాలి.

1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలో అన్నం వండినవాళ్లు, కబురు మోసినవాళ్లు మొదటిసారి తమ గొంతుతో మాట్లాడారు. నల్లమల చెంచు స్త్రీల దగ్గరికి అటువంటి ప్రయాణం ఇంకా జరగాల్సే ఉంది. పాలుట్ల వంటి లోతట్టు గూడేలకు వెళ్లినవాళ్లు తేనె ఎన్ని కిలోలు, ఇల్లెన్ని గజాలు అని అడిగి వస్తున్నారు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. నీ మొగుడు దిగినరోజు నువ్వెక్కడున్నావు? పైన నిలబడ్డ నీ అన్నతో ముందు రాత్రి ఏం మాట్లాడావు? చిన్నప్పుడు నువ్వెక్కిన చెట్టేది, ఎప్పుడు ఎక్కడం మానేశావు, ఎవరు మాన్పించారు?

మోకుకు రెండు కొసలుంటాయి. కింది కొస గురించి ప్రపంచం ఎంతో కొంత రాసింది. పై కొస దగ్గర నిలబడ్డవాడి గురించి కాస్త చెప్పుకుంది. ఆ రెండు కొసలనూ కలిపి ముడివేసిన మనిషి మాట మాత్రం ఇంకా ఎవరూ రాసుకోలేదు. ఆమె చెప్పాలి. మనం వినాలి.