కారుణ్య నియామకములు

అయ్యలారా, కొలువు చేయుచు మరణించిన వాని యింటి గతి యేమి? ఈ ప్రశ్న నేటిది గాదు. పోరున మడిసిన బంటు కుటుంబమునకు పూర్వపు రాజులు భూమి నొసగుచుండిరి. దానికి రక్తమాన్యమని పేరు.

నైజాము కాలమున సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములందు పటేలు, పట్వారీ కొలువులు వతను హక్కులై యుండెను. తండ్రి గతింపగా కుమారునికి దస్త్రము సంక్రమించెడిది. ఇందు దయకంటె వంశమునకే ప్రాధాన్యము. పరుల బిడ్డ యెంత చదివినను ఆ కొలువును పొందజాలకుండెను.

ఆంధ్రప్రాంతపు మునసబు కొలువును ఇట్టిదే. గుంటూరు జిల్లా వ్యాజ్యమొకదానియందు, కేవలము వంశమునుబట్టి యుద్యోగ మిచ్చుట రాజ్యాంగపు 16వ అధికరణమునకు విరుద్ధమని 1960లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 1984లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పటేలు, పట్వారీ, మునసబు, కరణపు కొలువులనే రద్దుచేసెను.

మరి 1977 నాటి ఉత్తరువుతో ఆంధ్రప్రదేశ్‌లో నడచిన కారుణ్య నియామకము వంశహక్కు కాదా? కాదు. 1994లో సుప్రీముకోర్టు దీనిని విశదపరచెను. ఇది వారసత్వపు ఆస్తి గాదు. సంపాదించువాడు హఠాత్తుగా పోయిన యింట పొయ్యి ఆరకుండ జేయు సహాయము మాత్రమే యని దాని భావము. కావుననే ఇంట వేరొక సంపాదనపరు డుండరాదు. ఏడాదిలోపల దరఖాస్తు చేయవలెను.

దుఃఖమున మునిగిన యిల్లాలికి ఈ గడువు తెలియకపోవచ్చును. పెద్దలారా, పరామర్శకు పోయినపుడు ఓదార్పుతోపాటు ఈ మాటయు ఆమె చెవిని వేయుడు.